కూర్చుని కొలిచి ఇస్తే నిలబడేవాళ్ళ గోల్ఫ్ క్లబ్బులు పంపారు

కస్టమర్ కేర్ వారికి,

పోయిన నెల మీ దగ్గర గోల్ఫ్ ఐరన్ సెట్ (లోహపు హెడ్, అంటే తల, ఉన్న క్లబ్బులు) ఆర్డర్ పెట్టాను. నాకు నడుము కింద పట్టు లేదు, తిరిగే సీటున్న కార్టులో బెల్టు బిగించుకుని కూర్చునే ఆడతాను. ఈ సంగతి ఫోన్లో రెండుసార్లు చెప్పాను, వాట్సాప్‌లో వీడియో కూడా పంపాను. అయినా మీ ఫారంలో ఎత్తు ఎంత, నిలబడితే మణికట్టు నుంచి నేల దాకా ఎంత అనే గడులే ఉన్నాయి, అవి నింపకపోతే ముందుకు కదలదు. షాపుకొస్తే మీ ఫిట్టర్ టేపు పట్టుకుని "ఒక్కసారి లేచి నిలబడండి సార్" అన్నాడు. అప్పుడు నవ్వే వచ్చింది, కోపం సెట్ విప్పాక వచ్చింది.

నేను రాసిచ్చింది సెవెన్ ఐరన్ (సెట్‌లో ఏడో నంబరు క్లబ్) 34 అంగుళాలు, లై, అంటే క్లబ్ నేలకి ఆనినప్పుడు షాఫ్ట్ (కర్ర) నేలతో చేసే కోణం, 54 డిగ్రీలు. వచ్చినదాని పొడవు 34, లై 60. అంటే మామూలు 37 అంగుళాల క్లబ్బుకి పైన మూడంగుళాలు కోసి, గ్రిప్ తొడిగి, కాస్త వంచి పంపేశారు, అంతే కదా? కూర్చున్నవాడి చేతులు బాగా కిందికి ఉంటాయి, షాఫ్ట్ దాదాపు పడుకున్నట్టు వస్తుంది, దానికి తగ్గట్టు లై వాల్చకపోతే టో (హెడ్ చివరి కొస) గాల్లోకి లేచి హీల్ (షాఫ్ట్ దగ్గరి కొస) గడ్డిలో దిగబడుతుంది, నాది కుడిచేతి వాటం కాబట్టి బంతి ఎడమవైపు చెట్లలోకి పోతుంది. సోల్‌కి (హెడ్ అడుగుకి) టేపు అంటించి 20 బంతులు కొట్టి చూశాను. గీతలన్నీ హీల్ దగ్గరే, మధ్యలో టేపు నలగను కూడా లేదు.

పైగా అర అంగుళం కోస్తే స్వింగ్ వెయిట్ (ఊపేటప్పుడు హెడ్ బరువు చేతికి ఎంత తెలుస్తుందో చెప్పే కొలత) సుమారు మూడు పాయింట్లు పడిపోతుందని మీకు నేను చెప్పాలా! మూడంగుళాలు కోసి హెడ్‌కి బరువు కోసం చిటికెడు లెడ్ (సీసం) టేపు కూడా వేయలేదు. వెదురు బెత్తం ఊపినట్టుంది, హెడ్ ఎక్కడుందో చేతికి తెలియట్లేదు.

అడిగితే ఒకరు "కాస్ట్ హెడ్ (పోతపోసిన తల) అంతకన్నా వంగదు, విరుగుతుంది" అన్నారు. నిజమే, కానీ ఆ మాట డబ్బు కట్టించుకోకముందు చెప్పాలి. ఇంకొకరు ఇలాంటి క్లబ్బులు రూల్స్ ఒప్పుకోవన్నారు. క్లబ్ 18 అంగుళాలకు తగ్గకూడదు, పట్టర్ (బంతిని గుంటలోకి దొర్లించే క్లబ్) కాకపోతే 48 దాటకూడదు, మధ్యలో ఉన్న 34తో ఎవరికి ఇబ్బంది? 2023 గోల్ఫ్ రూల్స్‌లో వీల్‌చెయిర్ వాడేవాళ్ళతో సహా వైకల్యం ఉన్న ఆటగాళ్ళ కోసం 25వ రూల్ పెట్టారు, మీ స్టాఫ్ ఒకసారి చదివితే బాగుంటుంది.

నా కొలతలకు సరిపడే హెడ్లతో, బరువు సరిచూసి, మళ్ళీ చేసివ్వండి, ఎక్స్‌ట్రా ఛార్జీ అనొద్దు. కుదరకపోతే మొత్తం డబ్బు వాపసు చేయండి. సెట్ ప్యాక్ చేసి పెట్టాను, మనిషిని పంపితే ఇచ్చేస్తా. సెవెన్ ఐరన్ మాత్రం నా దగ్గరే ఉంచుకున్నా, టేపు పీకలేదు, మీ ఫిట్టర్ వచ్చి చూసుకున్నాక తీసుకెళ్ళొచ్చు.