టికెట్ మీద ‘ఒపేరా’, వేదిక మీద రికార్డు పాట

సంపాదకులకు నమస్కారం.

గత నెల మన విశాఖలోని ఒక సభామందిరంలో, ఆహ్వానపత్రిక మీదా టికెట్ మీదా ‘తెలుగు ఒపేరా’ అని అచ్చువేసి ప్రదర్శించిన పౌరాణిక కథను చూసివచ్చిన ప్రేక్షకుడిగా ఈ లేఖ రాస్తున్నాను. మాటలు మాటల్లాగే సాగాయి, పది నిమిషాలకొక పాట వచ్చింది, ఆ పాటలన్నీ ముందే రికార్డు చేసినవి. మధ్యలో కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోగా పాట ఆగిపోయింది గానీ, నాయిక పెదవులు మాత్రం మరో అరచరణం దాకా కదులుతూనే ఉన్నాయి. ముందు వరుసల్లో పిల్లలు నవ్వారు. ఆ అమ్మాయిని తప్పుపట్టలేం. చేయనిదాన్ని చేస్తున్నట్టు టికెట్ మీద రాయించినవారిదే తప్పు.

కథను ప్రధానంగా పాటతోనే నడిపే రంగస్థల రూపమైన ఒపేరా 16వ శతాబ్దం చివర ఇటలీలో పుట్టింది. 1607లో అక్కడి మాంటువా నగరంలో స్వరకర్త మాంటెవెర్డీ ఒపేరా ‘ఓర్ఫియో’ ఆడేనాటికే సంభాషణ సైతం స్వరం మీద నడిచేది. 1637లో వెనిస్‌లో టికెట్ కొన్న ఎవరికైనా ప్రవేశమున్న ఒపేరా నాటకశాల వెలిసింది. మైకు అనేదే లేని ఆ రోజుల్లో గాయకుడు వాద్యబృందాన్ని దాటుకుని చివరి వరుసకు వినిపించాలి గనుక, కంఠసాధన అంతా దానికోసమే సాగింది. అలా సాధన చేసిన గాత్రంలో, ముఖ్యంగా పురుష గాత్రంలో, సుమారు 3,000 హెర్ట్జ్ (సెకనుకు 3,000 కంపనాల) ఎత్తు దగ్గర ధ్వని బలం పుంజుకుంటుందనీ, వాద్యబృందం బలం ఆ ఎత్తుకు వచ్చేసరికి సన్నగిల్లుతుంది గనుకనే ఒక్క గొంతు అన్ని వాద్యాల మధ్య నుంచి విడిగా వినిపిస్తుందనీ ధ్వనిశాస్త్రం తెలిసినవారు చెబుతారు. నేటికీ పెద్ద ఒపేరా శాలల్లో గాయకులు మైకు లేకుండానే పాడుతున్నారు.

ఒపేరాతో తరచూ కలగాపులగమయ్యే మరో రూపం మ్యూజికల్. అది ప్రధానంగా 20వ శతాబ్దంలో న్యూయార్క్ బ్రాడ్వే వీధిలో ఎదిగిన రూపం. మాట, పాట, నృత్యం మూడూ కలిసి అక్కడ కథను నడుపుతాయి. 1943 నాటి ‘ఓక్లహోమా!’ అందుకు పేరెన్నికగన్న ఉదాహరణ. ఇప్పుడు నటులు జుట్టులోనో చెంప పక్కనో చిన్న మైకు పెట్టుకుని, వారానికి ఎనిమిది ఆటలు ఆడతారు. ఒపేరా గాయకులు సాధారణంగా ఒక ఆటకూ మరో ఆటకూ మధ్య గొంతుకు విశ్రాంతి ఇస్తారు. మాటలుంటే మ్యూజికల్, లేకుంటే ఒపేరా అని గీత గీద్దామంటే కుదరదు. మోత్సార్ట్ ‘మేజిక్ ఫ్లూట్’ (1791)లో మామూలు సంభాషణలున్నాయి. లండన్‌లో 1985లో మొదలైన ‘లే మిజెరాబ్ల్’ మ్యూజికల్ దాదాపు అంతా పాటే. కనుక బరువంతా సంగీతం మీదే వేశారా, ఆ సంగీతాన్ని ఏ సాయమూ లేని గొంతు మోస్తోందా అన్నదే నా దృష్టిలో అసలు పరీక్ష.

అయినా ఈ పరాయి పేరు మనకెందుకు? త్యాగరాజస్వామి ‘నౌకాచరిత్రము’ గేయనాటకం. ఆకాశవాణి శ్రోతలకు సంగీత రూపకం కొత్త కాదు. పద్యనాటకమైతే ఒపేరా చట్రంలోనూ ఇమడదు, మ్యూజికల్ చట్రంలోనూ ఇమడదు: వచనం మామూలు మాటలాగే నడుస్తుంది, పద్యం అందుకోగానే హార్మోనియం తోడు వస్తుంది, రాగం తీసే తీరును బట్టి ‘వన్స్ మోర్’ పడుతుంది. మైకు రాకముందు ఆ నటులు పందిరి చివర చాప మీద కూర్చున్నవాడికి సైతం పద్యం వినిపించినవారే. ఆ కంఠబలానికి ‘ఒపేరా’ అనే చీటీ అతికించడం గౌరవం పెంచడమని నిర్వాహకులు అనుకుంటున్నారేమో, నాకు మాత్రం అది ఉన్న పేరును చెరిపివేయడంగానే కనిపిస్తోంది.

కాబట్టి నిర్వాహకులు తమ ప్రదర్శన పద్యనాటకమో, గేయనాటకమో, నృత్యరూపకమో ఉన్నదున్నట్టు అచ్చువేయాలని కోరుతున్నాను. పాట వేదిక మీద పాడేదా, రికార్డు చేసినదా అన్న ఒక్క వాక్యాన్ని టికెట్ మీద చేర్చాలన్న షరతును సభామందిరాలవారు బుకింగ్ దరఖాస్తులోనే పెట్టవచ్చు. నగరంలో నేటి కార్యక్రమాల శీర్షికలో మీరూ ఆ వాక్యాన్ని ప్రచురిస్తే, ఏ టికెట్ కొనాలో మేము ఇంటి దగ్గరే తేల్చుకుంటాం.

భవదీయుడు,
ఒక రంగస్థల అభిమాని,
ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం