సికింద్రాబాదులో కారిపోయిన గ్యాసు

హైదరాబాదు

ప్రియమైన రఘూ,

ఉద్యోగం నచ్చక మీ అబ్బాయి దిగులు పడుతున్నాడని నువ్వు రాసిన ఉత్తరానికి ఏమని జవాబివ్వాలా అని ఆలోచిస్తుండగానే, మా పాత ఫ్రిజ్ చల్లబడటం మానేసింది. మెకానిక్ వచ్చి, గొట్టంలోకి నైట్రోజన్ ఎక్కించి, రాగి అతుకుల మీద ఒక్కొక్కటిగా సబ్బు నురగ రాస్తూ పోయాడు. మూడో అతుకు దగ్గర ఆవగింజంత బుడగ లేచి, మెల్లగా ఉబ్బి, పగిలింది. "గ్యాస్ పోయింది ఇక్కడేనండీ" అన్నాడు.

ఆ బుడగను చూడగానే నాకు వాతావరణ శాస్త్రజ్ఞుడు వీరభద్రన్ రామనాథన్ గుర్తుకు వచ్చారు. తమిళ మాధ్యమంలో చదువుకుని, పదకొండో ఏట బెంగుళూరులో ఇంగ్లీషు బడిలో చేరి, పాఠాలు అర్థంకాక వెనకబడిన పిల్లవాడాయన. ఉపాధ్యాయులు చెప్పేది బోధపడకపోవడంతో ఏదైనా తనంతట తానే తేల్చుకోవడం అప్పుడే అలవాటైందని తరువాత చెప్పుకున్నారు. అన్నామలై విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు ముగించాక ఆయనకు ఉద్యోగం దొరికింది మన సికింద్రాబాదులోనే, ఫ్రిజ్‌ల పరిశ్రమలో. వాటిలోని శీతలీకరణ వాయువు ఎందుకు అంత త్వరగా కారిపోతోందో కనిపెట్టడమే ఆయన పని. ఆ పని ఆయనకు ఏమాత్రం నచ్చలేదు.

తరువాత బెంగుళూరులో భారతీయ విజ్ఞాన సంస్థలో (ఐఐఎస్‌సీ) చదువు, 1970లో అమెరికా ప్రయాణం, అక్కడ గ్రహాల వాతావరణాల మీద పీహెచ్‌డీ. 1974లో మొలీనా, రోలండ్ అనే శాస్త్రజ్ఞులు, ఫ్రిజ్‌లలో వాడే క్లోరోఫ్లోరోకార్బన్లు ఓజోన్ పొరను దెబ్బతీస్తాయని ప్రకటించారు. అవి సికింద్రాబాదులో తన చేతుల మీదుగా కారిపోయిన వాయువులే కదా! అవి వేడిని ఎంత పట్టి ఉంచుతాయో ఆయన లెక్క కట్టారు. భూమి వేడి అంతరిక్షంలోకి పోవడానికి నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) తెరిచి ఉంచిన కిటికీ ఒకటి ఉంది. ఈ వాయువులు సరిగ్గా ఆ కిటికీనే మూస్తాయి. వీటిలో ఒక్క అణువే, బొగ్గుపులుసు వాయువు అణువులు పదివేలు చేసేంత పని చేస్తుంది. 1975లో ఆ లెక్కలతో ఆయన వ్యాసం వెలువడే వరకు భూతాపం విషయంలో శాస్త్రజ్ఞుల దృష్టంతా దాదాపుగా బొగ్గుపులుసు వాయువు మీదే ఉండేది.

1980లో మాడెన్ అనే మరో శాస్త్రజ్ఞుడితో కలిసి, 2000 నాటికి భూతాపం కొలతల్లో స్పష్టంగా కనబడుతుందని ముందే చెప్పారు, అలాగే జరిగింది. నన్ను ఎక్కువగా కదిలించింది మాత్రం 1999 నాటి హిందూ మహాసముద్ర పరిశోధన. దక్షిణాసియా మీద దాదాపు మూడు కిలోమీటర్ల మందాన కమ్మిన గోధుమరంగు పొగమంచును ఆయన బృందం కొలిచింది. అందులోని మసిలో కట్టెల పొయ్యి, పిడకల పొయ్యి వాటా కూడా ఉంది. ఆ పొయ్యి ముందు దగ్గే నాయనమ్మలు మనిద్దరికీ ఉన్నారు, రఘూ. ఆ తరువాత ఆయన ఉత్తరప్రదేశ్ పల్లెల్లో పొగ తక్కువ వచ్చే పొయ్యిలను పరీక్షించే సూర్య ప్రాజెక్టు చేపట్టారు. అంత పెద్ద లెక్కల మనిషి వంటింటి దాకా రావడం నాకు ఆయన పురస్కారాలన్నిటికంటే గొప్పగా తోస్తుంది.

మెకానిక్ తెచ్చిన సిలిండర్ మీద 134ఎ అని ఉంది. ఆ వాయువు ఓజోన్‌కు హాని చేయదు గాని వేడిని బాగా పట్టేస్తుంది. అలాంటి వాటిని తగ్గించుకోవాలని 2016లో ఆఫ్రికాలోని కిగాలీ నగరంలో దేశాలన్నీ ఒప్పుకున్నాయి. అతుకు గట్టిగా వేయమని రెండుసార్లు చెప్పాను. అతను మళ్లీ నురగ రాసి, బుడగ రాలేదని చూపించాకే గ్యాస్ ఎక్కించాడు.

దసరా సెలవులకు అబ్బాయిని మా ఇంటికి పంపించు. ఈ సంగతులన్నీ కూర్చోబెట్టి చెప్పాలని ఉంది.

నీ
మూర్తి