అనుమతి లేదన్నంత మాత్రాన ఫైలు పోయినట్టు కాదు

సంపాదకులు గారికి,

నమస్కారం. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ ఇచ్చే సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిన తరువాత మా కోనసీమలోనూ, వశిష్ఠ గోదావరి ఆవలి గట్టున నరసాపురం, పాలకొల్లు, భీమవరం వైపునా పాత కంప్యూటర్లను పక్కన పెట్టి కొత్తవి కొంటున్నవారు చాలామంది కనిపిస్తున్నారు. పాత యంత్రంలోని హార్డ్ డిస్కును ఊడదీసి కొత్తదానికి తగిలిస్తే డిస్కు కనబడుతుంది, ఫోల్డర్ల పేర్లూ కనబడతాయి, కానీ తమకు కావలసిన ఫోల్డరు మీద నొక్కగానే ఆ ఫోల్డరు తెరవడానికి మీకు ప్రస్తుతం అనుమతి లేదని ఇంగ్లీషులో ఒక పెట్టె ప్రత్యక్షమవుతుంది. ఇది ఫైళ్లు చెడిపోయిన సూచన కాదు. అయినా కొన్ని దుకాణాల్లో దీనికి ‘డేటా రికవరీ’ అని పేరు పెట్టి వేలల్లో బిల్లు వేస్తున్నారు. మరికొన్ని చోట్ల ఇక లాభం లేదని చెప్పి ఫార్మాట్ కొట్టి డిస్కులోనివన్నీ చెరిపేస్తున్నారు. ఈ రెండింటి నుంచీ పాఠకులు తమ ఫైళ్లను కాపాడుకోవాలన్న ఉద్దేశంతోనే ఈ లేఖ రాస్తున్నాను.

మా ప్రాంతంలో ఒక ధాన్యం వ్యాపారి కంప్యూటరులో మదర్‌బోర్డు పోయింది. సముద్రపు గాలి, తేమ, వేళాపాళా లేని కరెంటు కలిసి డెల్టాలో మదర్‌బోర్డుల ప్రాణం తీస్తాయని ఇక్కడి మెకానిక్కులు తరచూ చెప్పే మాటే కాబట్టి అందులో వింతేమీ లేదు. ఏ రైతుకు ఎంత చెల్లించారో, ఇంకా ఎంత బాకీ ఉందో ఆ లెక్కలన్నీ, కాటా చీటీల స్కాన్లతో సహా, డాక్యుమెంట్స్ ఫోల్డరులోనే ఉన్నాయి. డిస్కును చూసిన దుకాణంవారు ఫైళ్లు కరప్ట్ అయ్యాయనీ, హైదరాబాదు పంపి తీయించాలనీ చెప్పారు. ఆయన ఆ డిస్కును నా దగ్గరకు తెచ్చినప్పుడు చూస్తే దానికి ఏ జబ్బూ లేదు. ఆ ఫోల్డరుకు యజమాని ఎవరన్న విషయంలో మాత్రమే కొత్త కంప్యూటరుకు సందేహం ఉంది.

ఆ సందేహం ఎక్కడి నుంచి వచ్చిందో కొంచెం వివరించాలి. విండోస్ డిస్కుల మీద ఫైళ్లను భద్రపరిచే ఎన్‌టీఎఫ్ఎస్ అనే పద్ధతి 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో అది మామూలు ఇళ్లలోని కంప్యూటర్లకు చేరింది. ఈ పద్ధతిలో ప్రతి ఫైలుకూ, ప్రతి ఫోల్డరుకూ ఒక యజమాని ఉంటాడు, ఎవరెవరు చదవవచ్చో, ఎవరు మార్చవచ్చో, ఎవరు తీసివేయవచ్చో చెప్పే ఒక జాబితా కూడా ఉంటుంది. ఈ ఏర్పాటు పట్టాదారు ఒకరు, కౌలుకు దున్నేవారు మరొకరు అయిన చేనులాంటిది: పట్టాదారుకు ఈ సార్వాలో గడ్డిపరక కోసుకునే హక్కు లేకపోవచ్చు గానీ, కౌలు ఎవరికి ఇవ్వాలో తేల్చేది మాత్రం ఆయనే. అలాగే ఫైలు యజమానికి ఆ ఫైలును చదివే అనుమతి జాబితాలో లేకపోయినా, ఆ జాబితాను తిరగరాసే హక్కు ఎప్పుడూ ఉంటుంది. మరమ్మతు అంతా ఈ ఒక్క హక్కు మీద ఆధారపడి జరుగుతుంది.

అయితే కంప్యూటరు మనుషులను పేరుతో గుర్తుపెట్టుకోదు. మనం ఖాతా తెరిచినప్పుడు దానికి ఎస్-1-5-21 అని మొదలయ్యే ఒక పొడవాటి సంఖ్యను కేటాయిస్తుంది. ఆ సంఖ్యలో ఆ విండోస్‌కు మాత్రమే చెందిన భాగం ఒకటి ఉంటుంది. అందువల్ల పాత కంప్యూటరులోనూ కొత్తదానిలోనూ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డు పెట్టుకున్నా ఆ రెండు ఖాతాలూ వేరువేరు మనుషులే. ఫోల్డరు మీద కుడి బటన్ నొక్కి, ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ అనే ట్యాబ్ తెరిస్తే పేర్లు ఉండవలసిన వరుసలో ‘అకౌంట్ అన్‌నోన్’ అని, దాని పక్కనే ఆ పొడవాటి అంకెల వరుస కనిపిస్తుంది. చూసేవారికి అదేదో వైరస్సులా అనిపించి భయం వేస్తుంది గానీ, ఆ అంకెలు పాత కంప్యూటరులో ఉన్న మీరే. (ఎక్స్‌పీ హోమ్‌లో ఈ ట్యాబ్ సేఫ్ మోడ్‌లో తప్ప కనిపించేది కాదు. ఆ రోజుల్లో పని నేర్చుకున్న మెకానిక్కుల్లో కొందరికి ఈ పేజీతో ఇప్పటికీ పరిచయం లేకపోవడానికి అదొక కారణమని నా అనుమానం.)

అదే డిస్కులో డి డ్రైవ్ భాగంలోని పెళ్లి ఫొటోలు హాయిగా తెరుచుకుంటూ, సి డ్రైవ్‌లోని డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ మాత్రమే మొరాయించడం చూసి చాలామంది డిస్కులో సగం పాడైందని నమ్ముతున్నారు. దీనికీ కారణం అనుమతులే. డి డ్రైవ్‌లో సాధారణంగా యూజర్స్ వంటి గుంపులకు అనుమతి ఉంటుంది, ఆ గుంపుల సంఖ్యలు ప్రపంచంలోని ఏ విండోస్‌లోనైనా ఒకటే. మన పేరుతో ఉండే ఫోల్డరులోకి మాత్రం మనకూ, కంప్యూటరు నిర్వాహకుల గుంపుకూ, విండోస్‌కూ తప్ప ఇతరులకు ప్రవేశం ఉండదు.

ఇక చేయవలసిన పని. కొత్త కంప్యూటరులో మీ ఖాతా అడ్మినిస్ట్రేటర్ (నిర్వాహకుడు) అయితే, అనుమతి లేదని చెప్పే పెట్టెలోనే ఉండే ‘కంటిన్యూ’ బటన్ నొక్కడం చాలా సందర్భాల్లో సరిపోతుంది. అడ్మినిస్ట్రేటర్ ఖాతాలో ఉన్నా ముందు కాదనడం విండోస్ విస్టా కాలం నుంచి వస్తున్న జాగ్రత్త మాత్రమే. మీరు అవునన్న తరువాతే విండోస్ నిర్వాహకుడి అధికారం వాడుతుంది. ఫైళ్లు వేలల్లో ఉంటే ఒక్కొక్కదాని జాబితాలోనూ మీ పేరు రాసుకుంటూ పోవాలి కాబట్టి కిటికీ పైభాగంలో ఆకుపచ్చ గీత చాలాసేపు నింపాదిగా కదులుతుంది. అది చూసి హ్యాంగ్ అయిందనుకుని వైరు పీకేయకూడదు. సగంలో ఆపిన డిస్కులో కొన్ని ఫోల్డర్లు తెరుచుకుని కొన్ని తెరుచుకోక, అసలు సమస్య కంటే పెద్ద చిక్కు వస్తుంది.

అలా కూడా తెరుచుకోకపోతే సెక్యూరిటీ ట్యాబ్‌లో అడ్వాన్స్‌డ్ నొక్కి, పైన ఓనర్ అన్నచోట పక్కనే ఉన్న చేంజ్ ద్వారా మీ ఖాతా పేరు ఇవ్వాలి. అక్కడే లోపలి ఫోల్డర్లకూ ఫైళ్లకూ కూడా యజమానిని మార్చమని అడిగే చిన్న గడి ఒకటి ఉంటుంది. దానిలో టిక్ పెట్టకపోతే పై ఫోల్డరు తెరుచుకుంటుంది, లోపలివన్నీ మళ్లీ అదే మాట చెబుతాయి. యజమాని మారినంత మాత్రాన చదివే అనుమతి దానంతటదే రాదు కాబట్టి, ఆ తరువాత జాబితాలో మీ పేరు చేర్చి ఫుల్ కంట్రోల్ ఇవ్వాలి. ఆదేశాలను టైపు చేసే కమాండ్ ప్రాంప్టు అలవాటున్నవారికి ఇందుకు రెండు ఆదేశాలున్నాయి: యాజమాన్యానికి టేక్‌ఓన్ (takeown), అనుమతులకు ఐకాకల్స్ (icacls). రెండోదానితో ఉన్న అనుమతులను ముందుగా ఒక ఫైలులో దాచుకునే సౌకర్యం కూడా ఉంది, ఆఫీసుల్లో పనిచేసేవారు దాన్ని వాడుకోవడం మంచిది. ఇవన్నీ విండోస్‌తో పాటే వచ్చేవి. వేరే సాఫ్ట్‌వేరు కొనవలసిన అవసరం లేదు.

అనుమతి సమస్య కాని వాటిని కూడా గుర్తుపట్టాలి. ఫైలును మరో ప్రోగ్రాము తెరిచి ఉంచితే తీసివేయడానికి ఒప్పుకోదు. ఆ ప్రోగ్రాము మూసేస్తే చాలు. డిస్కు లోపల టిక్కుటిక్కుమని చప్పుడు వస్తున్నా, డిస్కును సరిగా చదవలేకపోయానని చెప్పే ‘సైక్లిక్ రిడండెన్సీ చెక్’ అన్న మాట కనబడినా, తగిలించగానే ఫార్మాట్ చేయమంటారా అని అడిగినా అది వేరే వ్యవహారం. అలాంటి డిస్కూ, 2022 జూలై వరద వంటిది వచ్చినప్పుడు నీళ్లలో నానిన డిస్కూ నిజంగానే నిపుణుల చేతికి వెళ్లాలి, వాటికి రికవరీ ఖర్చు న్యాయమే. ఆ పనికి తీసుకునే డబ్బు మీద నాకు అభ్యంతరం లేదు.

తెలిసీ తెలియని వైద్యం వల్ల వచ్చే నష్టం ఇంకొకటి ఉంది. పని తొందరగా అవుతుందని కొందరు ‘ఎవ్రీవన్’ అనే గుంపుకు మొత్తం డ్రైవ్ మీద ఫుల్ కంట్రోల్ ఇచ్చేస్తున్నారు. రొయ్యల మేత కొట్టులోనో, రైస్ మిల్లు ఆఫీసులోనో నాలుగు కంప్యూటర్లు ఒకే నెట్‌వర్కులో ఉండి, ఆ డ్రైవ్‌ను అదే ధారాళంతో అందరికీ షేర్ చేస్తే, ఒకదానిలోకి వచ్చిన రాన్సమ్‌వేర్ (డబ్బు గుంజడానికి ఫైళ్లను బంధించే హానికర ప్రోగ్రాము) మిగతావాటి లెక్కలకు కూడా తాళం వేసేస్తుంది. అంతకంటే ప్రమాదం, నడుస్తున్న విండోస్ ఉన్న సి డ్రైవ్ మొత్తానికీ యజమానిని మార్చడం. సిస్టమ్ ఫైళ్లకు ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్ అనే ప్రత్యేక యజమాని ఉండడం వెనుక ఒక అర్థముంది. దాన్ని చెరిపేస్తే అప్‌డేట్లు రాకపోవచ్చు, కొన్నిసార్లు విండోస్‌ను మళ్లీ ఎక్కించుకోక తప్పదు. మీ పేరు మీదున్న ఫోల్డరు వరకే చేయి పెట్టాలి. కాకినాడ, భీమవరం కాలేజీల్లో విండోస్‌కు బదులు లినక్సు వాడే పిల్లలు ఏది పనిచేయకపోయినా సీహెచ్‌మాడ్ 777 (అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చే ఆదేశం) కొట్టడం కూడా ఈ కోవలోదే. దూరంలోని కంప్యూటరులోకి భద్రంగా ప్రవేశించడానికి వాడే ఎస్ఎస్‌హెచ్ అనే ప్రోగ్రాము తాళపుచెవి ఫైలుకు అలా చేస్తే, అందరూ చదవగల తాళపుచెవిని వాడనని ఆ ప్రోగ్రామే తిరస్కరిస్తుంది.

యాజమాన్యం మార్చినా తెరుచుకోని ఫైళ్లు కూడా ఉంటాయి, అవి ఎన్‌క్రిప్ట్ అయినవి, అంటే కీ లేనిదే చదవలేని రహస్య రూపంలోకి మారినవి. ఫైలు బొమ్మ మీద చిన్న తాళం గుర్తు కనబడితే దాన్ని విప్పడానికి పాత ఖాతాలోని సర్టిఫికెట్ అనే డిజిటల్ తాళపుచెవి కావాలి, అది లేకుండా ఎవరూ ఏమీ చేయలేరు. కొత్త ల్యాప్‌టాపుల్లో చాలావాటికి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ కాగానే డిస్కు మొత్తం ఎన్‌క్రిప్ట్ అవుతుంది. అలాంటి డిస్కును ఊడదీసి వేరే చోట పెడితే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ సాధారణంగా ఆ మైక్రోసాఫ్ట్ ఖాతాలోనే దాచి ఉంటుంది. కొనుగోలు చేసినప్పుడు దుకాణంలోని కుర్రాడు తన మెయిల్‌తో ఖాతా తెరిచి ఇచ్చి ఉంటే ఆ కీ అతని దగ్గరే ఉన్నట్టు. కాబట్టి యంత్రం పనిచేస్తున్నప్పుడే ఖాతా ఎవరిదో చూసుకుని, కీని కాగితం మీద రాసి ఇంటి పత్రాలతో పాటు పెట్టుకోవాలి.

ఎన్‌క్రిప్షన్ లేని డిస్కు సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. పెన్‌డ్రైవ్ మీద లినక్సు పెట్టి కంప్యూటరును లేపితే విండోస్ రాసుకున్న అనుమతుల జాబితాను అది పట్టించుకోదు, అన్ని ఫోల్డర్లూ తెరుచుకుంటాయి. అంటే అనుమతి లేదన్న ఆ పెట్టె యజమానిని ఎంత కంగారుపెట్టినా, డిస్కు చేతికి చిక్కిన మెకానిక్కును ఆపలేదు. ఆధార్ నకళ్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆడపిల్లల ఫొటోలు ఉన్న డిస్కును దుకాణంలో వదిలి సాయంత్రం వస్తానని చెప్పి వెళ్లడం ఏమంత క్షేమం కాదు. వీలైతే పక్కన కూర్చుని చేయించుకోవాలి, లేదా పైన చెప్పిన పద్ధతిలో ఇంట్లోనే ముందు ప్రయత్నించాలి.

పట్టణాల్లోని కంప్యూటరు దుకాణాలవారికి మీ పత్రిక ద్వారా రెండు విన్నపాలు చేస్తున్నాను. బిల్లులో అనుమతుల మార్పును ఒక పనిగా, డేటా రికవరీని మరో పనిగా విడివిడిగా రాయాలి. కొనుగోలుదారుకు సెక్యూరిటీ పేజీని తెరిచి చూపించకుండా ఏ డిస్కునూ ఫార్మాట్ చేయకూడదు. హార్డ్‌వేరు నేర్పే సంస్థలు కూడా ర్యామ్ మార్చడం, విండోస్ ఎక్కించడంతో పాటు ఒక పూట ఈ పేజీ కోసం కేటాయిస్తే బాగుంటుంది.

ఇట్లు
ఒక పాఠకుడు,
అమలాపురం