మందు ముట్టని మనిషికీ లివర్ పాడవుతుంది, మంత్రి గారూ

రాష్ట్ర ఆరోగ్యశాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను విజయవాడ కృష్ణలంకలో ఉంటాను. మా మేనమామ గారిది గుంటూరు, మిర్చి యార్డులో గుమస్తా. చాలా ఏళ్లుగా షుగరు ఉంది, మాత్రలకి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికే వెళ్తారు. జీవితంలో మందు ముట్టలేదు. అలాంటి మనిషికి సిర్రోసిస్, అంటే లివర్ గట్టిపడిపోయే జబ్బు, అని తెలిసేసరికి అది బాగా ముదిరిపోయింది. ఇన్నేళ్లూ వెళ్లినప్పుడల్లా షుగరు చూశారు, బీపీ చూశారు, లివర్ సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు.

మొదట కనపడింది కామెర్లు కాదండీ. పగలంతా కునుకుపాట్లు, రాత్రంతా మెలకువ. బ్యాంకులో డబ్బు తీసే ఫారం మీద సంతకం పెట్టబోతే అక్షరాలు గీత దాటి కిందికి జారిపోయాయి, మళ్లీ పెట్టమంటే ఇంకా వంకరగా వచ్చింది, ఏళ్ల తరబడి కాటా చీట్లు ముత్యాల్లా రాసిన చెయ్యి అది. చాటుగా తాగుతున్నాడేమో అని వీధిలో గుసగుసలు. నిద్ర పట్టట్లేదంటే ఒక క్లినిక్‌లో నిద్రమాత్ర రాసిచ్చారు, మర్నాడు ఎంత లేపినా లేవలేదు.

పేగుల్లో తయారయ్యే అమ్మోనియాని లివర్ యూరియాగా మార్చి బయటికి పంపాలి. లివర్ గట్టిపడిపోతే అది రక్తంలోనే ఉండిపోయి మెదడు మీద దెబ్బ కొడుతుంది. మలబద్ధకం వచ్చినా, ఇన్ఫెక్షన్ వచ్చినా, నిద్రమాత్ర పడినా ఒక్కసారిగా ముదురుతుంది. చేతులు చాచి నిలపమంటే మణికట్లు టపటపా కొట్టుకుంటాయి, ఇది పట్టుకోవడానికి స్కానింగ్ అక్కర్లేదు, నేర్పితే ఏఎన్ఎం అమ్మాయి కూడా గుర్తుపడుతుంది. రోజుకి రెండు మూడు సార్లు మెత్తగా విరేచనం అయ్యేలా లాక్టులోజ్ సిరప్ ఇస్తే చాలామంది తేరుకుంటారు. మావయ్య కూడా తేరుకున్నారు. కానీ ఆ సీసాలు నెలనెలా బయట కొనాల్సి వస్తోంది, కూలికి పోయే ఇంట్లో అదెలా కుదురుతుందో మీరే చెప్పండి.

పొట్టలో నీరు చేరడం ఇంకో బాధ. ఉప్పు తగ్గించాలి, గుంటూరు మనిషికి ఆవకాయ మానడమంటే మాటలు కాదు, అయినా మానేశారు. ఒకేసారి ఐదు లీటర్లు మించి నీళ్లు తీస్తే ఆల్బుమిన్ అనే ప్రోటీన్ ఎక్కించాలి, లేకపోతే కిడ్నీలు దెబ్బతింటాయి, ఆ సీసా వేలల్లో ఉంటుంది. లివర్ గుండా పోలేని రక్తం ఆహారనాళంలో సిరల్ని ఉబ్బిస్తుంది. ముందుగా ఎండోస్కోపీ చేసి బ్యాండ్లు వేస్తే సరే, లేదంటే ఏ అర్ధరాత్రో రక్తం కక్కుకుని 108 ఎక్కాలి.

ఇదంతా ముందే పట్టుకునే దారి ఉంది. లివర్‌లో కొవ్వు పేరుకుని, ముదిరితే సిర్రోసిస్‌కి దారితీసే ఫ్యాటీ లివర్‌ని కేంద్రం 2021లోనే షుగరు, బీపీ, క్యాన్సర్ల కార్యక్రమంలో చేర్చింది. లివర్ గట్టిపడిందేమో అంచనా వేసే ఫిబ్-4 అని ఒక లెక్క ఉంది, దానికి కావాల్సింది వయసు, రక్తంలో చూసే లివర్ ఎంజైములు ఏఎస్‌టీ, ఏఎల్‌టీ, ప్లేట్‌లెట్లు, అంతే. 1.3 దాటితే తర్వాతి పరీక్షకి పంపాలి. షుగరు ఉన్నవాళ్లకి, ఒళ్లు ఎక్కువ ఉన్నవాళ్లకి ఏడాదికోసారి ఈ రక్తపరీక్షలు చేసి, రిపోర్టు మీద ఆ అంకె కూడా అచ్చు వేయించండి. హెపటైటిస్ బి, సి కూడా అప్పుడే చూడొచ్చు, వాటి మందులు 2018 నుంచి జాతీయ కార్యక్రమం కింద ఉచితమే, సి అయితే చాలామందికి పన్నెండు వారాల మాత్రలతో పూర్తిగా నయమవుతుంది కూడా.

సిర్రోసిస్ ఖాయమైన వాళ్లకి లాక్టులోజ్ ఊరి ఆరోగ్య కేంద్రంలోనే ఇవ్వండి. లివర్ క్యాన్సర్ వస్తే చిన్నగా ఉండగానే తెలిసేలా ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ తేదీ వేసి ఇంటికి ఫోన్ చేయించండి. గుంటూరు, ఎన్టీఆర్ జిల్లాల్లో మొదలుపెట్టి చూడండి. ఎప్పటి నుంచి మొదలుపెడతారో ఒక తేదీ చెప్పండి, మావయ్యతో పాటు షుగరు మాత్రల లైన్లో నిలబడే వాళ్లందరికీ నేనే వెళ్లి చెప్తాను.

ఇట్లు,
కృష్ణలంక వాసి, విజయవాడ