తప్పించుకోవడమే అసలు కథ

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సంచికలో, తప్పక చూడవలసిన పాత థ్రిల్లర్ల వరుసలో 1991 నాటి హాలీవుడ్ చిత్రం ‘స్లీపింగ్ విత్ ది ఎనిమీ’ని చేర్చి, కొట్టే భర్త బారి నుంచి తప్పించుకున్న భార్య కథగా దాన్ని మెచ్చుకున్నారు. జూలియా రాబర్ట్స్ మీద అభిమానంతో ఒకప్పుడు చూసిన సినిమానే. ఆ వ్యాసం చదివాక మళ్లీ చూశాను. ఆ మెప్పు మొదటి అరగంటకు మాత్రమే చెల్లుతుందని నాకనిపించింది.

ఆ అరగంటకు వంక పెట్టలేను. స్నానాల గదిలో తువ్వాళ్ల అంచులు సమానంగా లేవని భర్త మార్టిన్ గొంతు పెంచకుండానే గుర్తుచేయడం, వంటింటి అలమరలో డబ్బాలన్నీ గీత గీసినట్టు నిలబడి ఉండటం, పొరుగున ఉన్న డాక్టరు కిటికీలోంచి భార్య లారాను చూశాడన్న అక్కసుతో ఆమెను కొట్టి, ఆ తర్వాత గులాబీలు తెచ్చి ఇవ్వడం, ఇవన్నీ గృహహింస స్వభావం తెలిసినవారు రాసిన దృశ్యాలు. అమెరికాలోని డులూత్ పట్టణంలో బాధితులతో పనిచేసినవారు 1980లలో ఆ స్త్రీలు చెప్పిన అనుభవాలను ‘అధికారం, అదుపు’ అనే చక్రంగా గీసి చూపినప్పుడు, బెదిరింపు, ఒంటరితనం, డబ్బు మీద పెత్తనం, చేసిన తప్పును చిన్నది చేసి మాట్లాడటం, అన్నీ ఒకే చక్రపు ఆకులని తేల్చారు. దెబ్బ ఆ చక్రంలో ఒక భాగమే.

నా ఆక్షేపణ ఇక్కడ మొదలవుతుంది. నీళ్లంటే భయపడే లారా, భర్తకు తెలియకుండా ఈత నేర్చుకుంటుంది. బతికే ఉన్న తల్లి చనిపోయిందని అతన్ని నమ్మించి, ఆమెను దూరంగా అయోవా రాష్ట్రంలోని వృద్ధాశ్రమానికి చేరుస్తుంది. తుఫాను రాత్రి పడవ మీంచి సముద్రంలో పడి, చనిపోయినట్టు అందరినీ నమ్మించి, తానూ అయోవాకే చేరుకుంటుంది. ప్రతి అబద్ధం ఎక్కడ బయటపడుతుందోనన్న గుబులుతో, ఇంటికి రావడం పది నిమిషాలు ఆలస్యమైతే ఏం సంజాయిషీ చెప్పాలో ముందే ఆలోచించుకుంటూ గడిపిన ఆ నెలల కంటే గొప్ప ఉత్కంఠ ఏ థ్రిల్లర్‌కైనా ఎక్కడ దొరుకుతుంది? దర్శకుడు జోసెఫ్ రూబెన్ దాన్ని గతాన్ని తలచుకునే కొద్దిపాటి దృశ్యాలతో సరిపెట్టి, మిగిలిన సమయాన్ని పక్కింటి నాటకాల మాస్టారితో ప్రేమకూ, పాట నేపథ్యంలో ఆమె వేషాలు మార్చి మార్చి చూసుకునే సరదాకూ ఇచ్చేశాడు. (ఆ మాస్టారు మంచివాడే, కానీ ఆ మంచితనం తప్ప అతని గురించి చెప్పుకోవలసింది మరేమీ లేదు.)

మార్టిన్ వెతుక్కుంటూ రావడాన్ని నేను అతిశయోక్తి అనను. భార్య విడిచి వెళ్లే సమయమూ, వెళ్లిన తర్వాతి నెలలూ అత్యంత ప్రమాదకరమని ఈ రంగంలో పనిచేసేవారు చెబుతూనే ఉన్నారు. వెంటపడి వేధించడాన్ని నేరంగా పేర్కొన్న తొలి అమెరికన్ చట్టాన్ని కాలిఫోర్నియా 1990లోనే చేసింది. అయితే అయోవా చేరిన మార్టిన్ మనిషిగా మిగలడు, దెయ్యాల సినిమాలో దెయ్యమైపోతాడు. మొదట్లో మన వెన్ను జలదరింపజేసిన తువ్వాళ్లూ డబ్బాలూ ఇప్పుడు ఆమె లేనప్పుడు ఎవరో సర్ది వెళ్లిన, ప్రేక్షకుణ్ణి ఉలిక్కిపడేలా చేసే సరంజామాగా మారతాయి. ఇంతటి ఉన్మాదిని చూసిన ప్రేక్షకుడికి, సంఘంలో మర్యాదస్థుడిగా చలామణీ అవుతూ ఇంట్లో లెక్కలడిగే తన ఎరుకలోని భర్త ఎవరూ గుర్తుకు రారు.

చివరి ఘట్టంలో ఆమె తుపాకీ గురిపెట్టి, పోలీసులకు ఫోన్ చేసి, ఇంట్లో చొరబడ్డ ఆగంతకుణ్ణి చంపానని ముందే చెప్పి, ఆ తర్వాత కాలుస్తుంది. లారాకు ఆ మాట తెలివైన ఎత్తుగడ కావచ్చు. సినిమా మాత్రం ఆ మాటను తానే నమ్మేసినట్టుంది: ఒకే పడకగదిలో బతికినవాణ్ణి, తలుపు పగలగొట్టుకొని వచ్చిన పరాయివాడిగా మార్చి మనకు చూపించింది.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు