దింపు బాబాయి కాలు

బావా,

జవాబు ఇంత ఆలస్యంగా రాస్తున్నందుకు కోప్పడకు. రేపు రాద్దాం, రేపు రాద్దాం అనుకుంటూనే సంక్రాంతి దాటిపోయింది. ఇక్కడ అందరం కులాసా. అమ్మకి మోకాళ్ల నొప్పులు మామూలే. పెద్దాడు పాలిటెక్నిక్ ఆఖరి ఏడు. కొబ్బరికి ధర పరవాలేదు గానీ కాయ సైజు తగ్గింది. మీ చెల్లెలు నిన్ను అడిగానని రాయమంది. కబుర్లకి ఇది చాలు. అసలు సంగతి వేరే ఉంది, అది చెప్తే గానీ నా మనసు కుదుటపడదు.

రేవు దగ్గర కొబ్బరికాయలు దింపే దింపు బాబాయి గుర్తున్నాడుగా? చెట్టు మీంచే "మూడో కాయ ఎవడు తీశాడ్రా?" అని అరిచేవాడు. (ఆ మూడో కాయ సంగతి ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు, నువ్వూ చెప్పకు.) ఆయనకి ఎడమకాలు మోకాలి కింద తీసేశారు బావా.

షుగరు. ఎప్పట్నించి ఉందో ఆయనకే తెలీదు. మడమ మీద మట్ట గీరుకుని పుండు పడింది. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, అదే పీహెచ్‌సీకి వెళ్తే షుగరు చూసే స్ట్రిప్పులు అయిపోయాయి, వచ్చే వారం రమ్మన్నారు. వచ్చే వారం కూడా లేవు. బయట ల్యాబుకి వెళ్లాలంటే ఆ పూట కూలి పోతుంది. ఎక్కాల్సిన చెట్లున్నాయి, ఇంట్లో పెళ్లి చేయాల్సిన పిల్ల ఉంది. పుండు చుట్టూ నల్లబడి వాసన వచ్చేదాకా ఎక్కుతూనే ఉన్నాడు. చివరికి 108కి ఫోన్ చేశాం. బండి లంకలోకి రాదు కాబట్టి నలుగురం మంచం మీద ఏటిగట్టు దాకా మోసుకొచ్చాం. కాకినాడలో ఆపరేషన్ చేశారు. ఎన్టీఆర్ వైద్య సేవ పథకం కింద మందులు, భోజనం, వచ్చేటప్పుడు దారి ఖర్చుతో సహా అన్నీ ఇచ్చారు, పైసా అడగలేదు. వాళ్లకి చేతులెత్తి దణ్ణం పెట్టాను.

ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. కాలు తీయడానికి డబ్బుంది, ఆ కాలు నిలబెట్టే స్ట్రిప్పు మాత్రం లేదు. ఇదెలా కుదిరింది?

నన్ను మన పీహెచ్‌సీ అభివృద్ధి సంఘంలో సభ్యుడిగా వేశారని చెప్పానుగా. మొన్న మీటింగ్‌లో ఇదే అడిగాను. డాక్టరమ్మ కొత్త పిల్ల, మన పెద్దమ్మాయి ఈడుది. తప్పించుకోలేదు. కంప్యూటర్ నా వైపు తిప్పి, సరుకు కావాలని ఇండెంట్ పెట్టిన తేదీలూ, వచ్చిన సరుకూ ఒక్కొక్క వరుసా వేలు పెట్టి చూపించింది. "అడిగినదంతా రాదండి, వచ్చినదాంతోనే సర్దుకుంటాం" అంది. ఆ తర్వాత ఆ పిల్ల చెప్పింది వింటుంటే, ఇన్నేళ్లూ ఆసుపత్రి అంటే ఒకటే అనుకున్న నాకు కళ్లు తిరిగాయి.

పీహెచ్‌సీ ప్రజారోగ్య డైరెక్టర్ కింద. అమలాపురం ఏరియా ఆసుపత్రి లాంటివి, 1986 చట్టంతో పెట్టిన వైద్య విధాన పరిషత్ కిందవి, ఇప్పుడు సెకండరీ హెల్త్ అంటున్నారు. కాకినాడ బోధనాసుపత్రి వైద్య విద్య డైరెక్టర్ కింద. మందులు కొనేది ఇంకో కార్పొరేషన్. ఆపరేషన్ల పథకం నడిపేది ట్రస్టు. జాతీయ ఆరోగ్య మిషన్ డబ్బులో కేంద్రానిది 60, మనది 40. ఇన్ని చోట్ల నుంచి నడుస్తుంటే, బాబాయి మడమ మీద పుండు ఎవరి లెక్కలోకి వస్తుంది చెప్పు? పీహెచ్‌సీకి అది ఓపీ చీటీలో ఒక లైను. కాలు పోయే స్థితి వచ్చాకే ట్రస్టుకి ఆయనొక కేసు.

పథకాన్ని తిట్టడం లేదు, అలా అనుకోకు. మామయ్య గుండె ఆపరేషన్ దాని వల్లే అయింది, అది నేను ఎప్పటికీ మర్చిపోను. 2007లో ఆరోగ్యశ్రీ రాకముందు గుండె ఆపరేషన్ అంటే ముఖ్యమంత్రి సహాయనిధికి కాగితాలు పట్టుకుని తిరగడమేగా. మొదట ఇంటికి ఏడాదికి లక్షన్నర దాకా, పైన 50 వేలు అదనం. 2023 ఆఖరుకి హామీ 25 లక్షలకి చేరింది. పేర్లు మారాయి, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. బకాయిలు పేరుకుని ప్రైవేటు ఆసుపత్రులు సేవలు ఆపేసినప్పుడల్లా పేపర్లో పెద్ద వార్త. పీహెచ్‌సీలో స్ట్రిప్పులు అయిపోతే వార్త రాదు బావా. ఏటిగట్టుకి బొరియ పడ్డప్పుడు తట్టెడు మట్టి వెయ్యకుండా, గండి పడ్డాక ఇసుక బస్తాలు మోస్తున్నాం.

2017 జాతీయ ఆరోగ్య విధానంలో ఏం రాశారో తెలుసా? 2025 కల్లా ప్రభుత్వాలు జీడీపీలో 2.5 శాతం ఆరోగ్యం మీద పెట్టాలి, రాష్ట్రాలు 2020 కల్లా తమ బడ్జెట్‌లో 8 శాతం పైన. ఆ డబ్బులో మూడింట రెండొంతులు ప్రాథమిక వైద్యానికే పోవాలి. ఆ మూడో మాట చదివి నేను కాగితం కింద పెట్టేశాను. రెండొంతులు! అదే జరిగుంటే బాబాయి...

సరే, మీటింగ్ సంగతి. పీహెచ్‌సీకి మిషన్ నుంచి ఏడాదికి 1,75,000 దాకా సొంతంగా ఖర్చు పెట్టుకునే నిధి ఉంటుంది. అందులోంచి గేటు ఆర్చికి రంగులు వేయించాలని తీర్మానం రాసి ఉంచారు. ఒకాయన "ఆర్చి బాగోకపోతే ఊరికి పరువు తక్కువ" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. లేచి బాబాయి కాలు గురించి మొత్తం చెప్పాను, మంచం మోసిన దగ్గర్నుంచి. ఎవరూ మాట్లాడలేదు. ఏఎన్ఎం ఒకామె కొంగుతో కళ్లు తుడుచుకుని, తన పరిధిలో షుగరున్న వాళ్లు ఎవరెవరో, ఎవరు బిళ్లలు మానేశారో చూసుకోకుండా గడగడా చెప్పేసింది. ఆమె బుర్రలో ఉన్నది ఏ పైవాడి దగ్గరా లేదు. చివరికి తీర్మానం కొట్టేసి, దాని పైన స్ట్రిప్పులు, పుండ్లకి కట్టు సామాను అని రాశారు. నేనూ సంతకం పెట్టాను. ఇది ఒక్క పీహెచ్‌సీకి, అదీ ఈ ఏడాదికి. మిగతా వాటి మాటేమిటి?

అందుకే నీతో పని పడింది. నువ్వు ఖజానా శాఖలో ఉన్నావు. బడ్జెట్‌లో 2210 పద్దు వైద్యం, ప్రజారోగ్యానిదటగా. దాని కింద 01 పట్టణ వైద్యం, 03 గ్రామీణ వైద్యం, 05 వైద్య విద్య, 06 ప్రజారోగ్యం అని విడివిడిగా ఉంటాయని డాక్టరమ్మ చెప్పింది. ఒక అయిదారేళ్లవి తీసి ఏ వరుసకి ఎంత పెట్టారో, నిజంగా ఎంత ఖర్చు చేశారో రాసి పంపు. పథకం డబ్బు ఏ పద్దులో కూర్చుంటుందో అది కూడా. వచ్చే మీటింగ్‌కి కలెక్టరాఫీసు నుంచి ఎవరో వస్తారంటున్నారు, వాళ్ల ముందు అంకెలతో మాట్లాడాలి. ఇంకా జీతాల వాటా ఎంతో కూడా, ఎందుకంటే ల్యాబ్ టెక్నీషియన్ పోస్టు ఖాళీగా

ఆటో వచ్చేసింది. బాబాయికి ఇవాళ కట్టు మార్పించాలి, ఆలస్యమైతే ఓపీ మూసేస్తారు. 2210 మర్చిపోకు.

నీ
బావ