చివరి రోజున శ్రోతలకు సెలవు చెప్పనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

పంతొమ్మిదేళ్లపాటు రేడియోలో రాత్రి కార్యక్రమం నడిపి ఇటీవలే ఆ పనికి దూరమయ్యాను. వ్యాఖ్యాతలను సాగనంపే విషయంలో రేడియో యాజమాన్యాలు అనుసరిస్తున్న పద్ధతి గురించి, అనుభవించినదాన్ని కనుక, మీ పత్రిక ద్వారా కొన్ని మాటలు విన్నవించుకుంటున్నాను.

ఒక వ్యాఖ్యాతను తప్పించాలని అనుకున్నప్పుడు చాలాచోట్ల ఆ సంగతి ఆ రోజు కార్యక్రమం ముగిసి, మైకు ఆపేశాకే చెబుతారు. ముందుగా తెలిస్తే ప్రత్యక్ష ప్రసారంలో ఏం మాట్లాడతారోనన్న భయమే దానికి కారణం. నా విషయంలో కొంత దయ చూపారనే చెప్పాలి, వారం ముందే చెప్పారు. అయితే ఈ మాట శ్రోతలకు తెలియకూడదన్నది షరతు. నా చివరి కార్యక్రమం మరుసటి రోజు నుంచి నా సమయంలో ముందే రికార్డు చేసి పెట్టిన మాటలు, కంప్యూటరు వరుసగా వేసే పాటలు వస్తాయని, మార్పు ఎవరికీ తెలియకుండా జరిగిపోవాలని చెప్పారు.

ఆ చివరి రాత్రి స్టూడియోలో కూర్చున్నప్పుడు, ఇన్నేళ్లూ చూస్తూ కూడా గమనించనివి కంటబడ్డాయి. మీటలు ఉండే కన్సోల్ మీద, మైకు ధ్వనిని పెంచి తగ్గించే ఫేడర్ ఒక్కటే మిగతావాటికన్నా నున్నగా అరిగిపోయి ఉంది. హెడ్‌ఫోన్స్‌లో ఎడమ చెవి వైపు మెత్త చిరిగితే ఎవరో చుట్టిన టేపు అంచు లేచి చెంపకు గీసుకుంటోంది. మా పనిలో, పాట మొదలై గాయకుడి గొంతు వినిపించేలోగా ఎన్ని సెకన్ల సంగీతం ఉందో గుర్తుపెట్టుకుని, సరిగ్గా ఆ గొంతు అందుకునే క్షణానికి మాట ముగించడం ఒక నేర్పు. ఎన్ని వందల పాటలకో ఆ లెక్క నాకు కంఠతా వచ్చు. ఆ రాత్రి మాత్రం చాలా పాటల ముందు నోరు మెదపలేకపోయాను. ఏ మాట మొదలుపెట్టినా అది సెలవు తీసుకోవడంలోకే జారుతుందేమోనని భయం.

పదకొండు దాటాక ఏళ్ల తరబడి ఫోన్ చేస్తున్న ఒక శ్రోత లైన్లోకి వచ్చారు. "అక్కా, రేపు రాత్రి మా అమ్మాయి చదువుకోవడానికి వేరే ఊరికి వెళుతోంది. మొదటిసారి మమ్మల్ని వదిలి వెళ్లడం. బండి కదిలే వేళకు పదకొండవుతుంది, అప్పుడు దానికిష్టమైన ఆ పాట వెయ్యవూ? ఫోన్‌లో వింటుంది" అని అడిగారు. మైకు ప్రసారంలో ఉందని చెప్పే ఎర్ర దీపం ఎదురుగా వెలుగుతోంది. "అలాగే చెల్లీ" అన్నాను. కార్యక్రమం అయ్యాక పాట పేరు, సమయం ఒక కాగితం మీద రాసి డ్యూటీలో ఉన్నవారి చేతికిచ్చాను కానీ, అప్పటికే మరునాటి పాటల జాబితా ఖరారైపోయిందన్నారు. మరునాడు పదకొండింటికి రేడియో పెట్టుకుని కూర్చున్నాను. వేరే పాట వచ్చింది.

యాజమాన్యాల భయాన్ని నేను కొట్టిపారేయడం లేదు. గాలిలోకి వెళ్లిన మాటను వెనక్కి తీసుకోలేమన్నది నిజం. అయితే ఫోన్ చేసే శ్రోతలు నోరు జారినా అది బయటకు వెళ్లకుండా, ప్రసారాన్ని కొన్ని సెకన్లు ఆలస్యంగా పంపే పరికరం ఎన్నో స్టేషన్లలో ఏళ్లుగా ఉంది. ముక్కూమొహం తెలియని కాలర్‌ను ఆ ఏర్పాటుతో నమ్మగలిగినవారు, ఏళ్లపాటు తమ గొంతుగా నిలిచిన మనిషిని అయిదు నిమిషాలు నమ్మలేరా? నార్వే 2017లో జాతీయ ఎఫ్‌ఎం ప్రసారాలను ఒక్కో ప్రాంతంలో నిలిపివేస్తూ వచ్చింది. ఆ నిర్ణయాన్ని రెండేళ్ల ముందే, 2015లో ప్రకటించింది. ఎఫ్‌ఎం ప్రసారం ఆగిపోతుందని వినేవారికి ముందుగా చెప్పడం మర్యాద అయినప్పుడు, రోజూ వింటున్న మనిషి రేపటి నుంచి రారని చెప్పడమూ మర్యాదే కదా. ఏటా ఫిబ్రవరి 13న ప్రపంచ రేడియో దినోత్సవం నాడు శ్రోతలే మా ఆత్మబంధువులని మైకులో నేనే ఎన్నోసార్లు చెప్పాను. బంధువులకు చెప్పకుండా ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోతామా?

అందువల్ల, ఒక వ్యాఖ్యాత కార్యక్రమం ముగుస్తున్నప్పుడు ఆ తేదీని శ్రోతలకు ముందుగా తెలియజేయాలని, చివరి రోజున సెలవు తీసుకునేందుకు కొద్ది నిమిషాలు ఇవ్వాలని స్టేషన్ల నిర్వాహకులను కోరుతున్నాను. ఆ తరువాత వినిపించేది రికార్డు చేసిన గొంతే అయితే, ఆ సంగతీ దాచకూడదు. ఎదుట మనిషి ఉన్నారనుకుని అర్ధరాత్రి ఫోన్ చేసి, ఎవరూ ఎత్తక ఎదురుచూసేవారిని తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఆ రాత్రి ఆఖరి పాట అయిపోయాక రెండు మూడు సెకన్లు ఏమీ వినిపించకుండా వదిలేశాను. మా వృత్తిలో ప్రసారం మధ్య నిశ్శబ్దం పెద్ద తప్పు. పంతొమ్మిదేళ్లలో తెలిసి ఆ తప్పు చేసింది అప్పుడొక్కసారే. నాకు మిగిలిన సెలవు మాట అదే అయింది.

కూతుర్ని బండెక్కించిన ఆ చెల్లెలు ఈ ఉత్తరం చూస్తే, నన్ను క్షమించమని వేడుకుంటున్నాను. "అలాగే" అన్నప్పుడే, మరునాడు నేను అక్కడ ఉండనని నాకు తెలుసు.

భవదీయురాలు,
ఒక మాజీ రేడియో వ్యాఖ్యాత